రాక్షస నామ సంవత్సరం

మా ఊరికి దేశం
నౌపడా నుంచి చిన్న రైల్లో వచ్చేది,
ఒకరోజు ఆలస్యంగా,
గోనెతాడుతో కట్టిన కట్టలో.
పర్లాకిమిడి స్టేషన్లో దాన్ని దింపుకునేవాడు
మా నాన్న పొట్నూరు గవరయ్య,
ముప్పై ఎనిమిది తెలుగు పేపర్ల ఏజెంటు.
రైలు పట్టాలు తప్పిందంటే
ఆ రోజు దేశంలో ఏమీ జరగనట్టే.

ఆనంద నామ సంవత్సరం ఇంకో నెలుందనగా
హాకీ కప్పు గెలిచాం.
అది మాత్రం రైలు కోసం ఆగలేదు.
కొమ్ముపని దుర్యోధన మహారాణా అరుగు మీద
రేడియో హిందీలో పరుగెత్తింది.
ఆయనది ఒడియా, మాది తెలుగు,
హిందీ అందరికీ అంతంతే.
గొంతు పైకి లేచినప్పుడల్లా మేమూ లేచాం.
రెండు, ఒకటి.
అంకెలు చాలు.

మర్నాడు ఆయన గేదెకొమ్ము కోసి,
నిప్పు మీద కాచి, వంచి, కొబ్బరినూనె పెట్టి
నా చిటికెనవేలంత హాకీ కర్ర చేసిచ్చాడు,
నల్లటి ఒంట్లో తేనెరంగు చార ఒకటి.
బంతేదీ అంటే
ఎదుటి కొట్లోంచి టైలరు బల్లెడ జగ్గారావు
కోటు గుండీ విసిరాడు:
"ఇదిగో గుంటా, కొట్టు!"

ఉగాదినాడు అమ్మ పంచాంగం తెరిచి, మూసింది.
"రాక్షసేటి? మరో పేరు దొరకలేదేటి ఈళ్లకి?"
ఆ పూటే హైదరాబాదులో
ప్రపంచ తెలుగు మహాసభలు.
మారిషస్ నుంచొచ్చారు, మలేషియా నుంచొచ్చారు.
నాన్న ఫొటోల్లో ఒక్కో మొహం మీద వేలు పెట్టి వెతికాడు.
సముద్రాల అవతలికి వినబడ్డ పిలుపు
మహేంద్రతనయ దాటలేదు.
పాతపట్నం దాకా వచ్చి ఆగినట్టుంది.
ఏమీ అనలేదాయన.
బళ్లో ఒడియా చదువుతున్న నన్ను కూచోబెట్టి
తలకట్టు, గుడి, కొమ్ము దిద్దించాడు.
"కొమ్మంటే దుర్యోధన మామ కోసేదే కదా?"
"అదే" అన్నాడు. "ఇదీ వంచాలి."

ఆ తర్వాత వారం
ఆకాశంలోకి ఏదో పంపారన్నారు.
డాబా మీద పడుకుని చూశాం.
కదిలిందల్లా మిణుగురే.

జూన్ చివర్లో
రైళ్లన్నీ వేళకొస్తున్నాయని పేపరు రాసింది.
ఆ పేపరు మోసుకొచ్చిన రైలు
మూడు గంటలు లేటు.

పేపరు పైకి చదివేవాడు జగ్గారావు,
మిషను తొక్కుతూనే, ప్రతి వార్త చివరా
తనదొక మాట తగిలించి.
ఒక రాత్రి అతన్ని జీపులో తీసుకెళ్లారు.
బరంపురం జైలన్నారు. కాదన్నారు.
తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాటి పేపర్లో
రెండో పేజీలో అరచెయ్యంత తెలుపు.
అచ్చు పడలేదని చందాదారులు నాన్నను తిట్టారు.
కోర్టు గుమాస్తా సదాశివ పట్నాయక్ మాత్రం
ఆ తెల్లచోటునే చాలాసేపు చదివి,
కళ్లద్దాలు తుడుచుకుని,
మళ్లీ చదివాడు.

జగ్గారావు కాపీ మానలేదు నాన్న.
రోజూ మడిచి మిషను మీద పెట్టి రావడం నా పని.
ఆ మొదటి రోజు, ఎవరూ లేని కొట్లో,
సుద్దముక్కతో కాదు, పెన్సిల్‌తో,
ఆ తెల్లచోట్లో కొమ్ములు దిద్దాను.
దసరాకి చక్రం మునిగింది.
డిసెంబరుకి మిషనే కనబడలేదు.
గుండీ కూడా ఎక్కడో పోయింది.

"కాచినప్పుడు ఎటు వంచితే
చల్లారాక అటే ఉండిపోద్ది కొమ్ము"
అన్నాడు మహారాణా, ఎవరితోనో,
తలెత్తకుండా.

నల వచ్చింది. అతను రాలేదు.
పింగళ మొదట్లో వచ్చాడు,
జుట్టు సగం తెల్లబడి.
కొట్లోకి వెళ్లి కుట్టుపని అడగలేదు, కట్ట దింపాడు.
అడుగున ఉన్నదాన్ని పైకి తీశాడు.
రోజుకొక్క పేపరు,
మొదటి నుంచి, పైకి,
పాత తేదీతో సహా.
అరుగు మీద జనం
ఆ ఏడాదిని ఏణ్ణర్ధం దాటాక విన్నారు.
ఎవరూ "తెలిసిందే కదా" అనలేదు.

మొదటి రోజే రెండో పేజీ తిప్పి ఆగాడు.
నేను మహారాణా వెనక్కి నక్కాను.
గొంతు సవరించుకున్నాడు,
సంపాదకీయం చదివేటంత బిగ్గరగా:

"కు.
గు.
చు.
తు."